తొంగుని తొక్కే సైకిలు

సైకిలు తొక్కడంలో సుఖం ఉందని చెప్పేవాళ్లను నేనెప్పుడూ నమ్మలేదు. డెబ్బైల చివర, మా పెళ్లయిన కొత్తలో, మా ఆయన నన్ను వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని గాజువాక నుంచి దువ్వాడ స్టేషనుకు తీసుకెళ్లారు. బస్సు కోసం నిలబడటం అనవసరమన్నారు. స్టేషన్లో రైలు వచ్చేదాకా నేను నిలబడే ఉన్నాను. బెంచీ ఖాళీగా ఉంది కదా, కూర్చోవచ్చు కదా అని ఆయనే రెండుసార్లు అడిగారు. నేనెందుకు కూర్చోలేదో ఆయనకు తట్టలేదు.

ఆయన అప్పట్లో ఒక వర్క్‌షాపులో డ్రాఫ్ట్స్‌మన్. ఉక్కు ఫ్యాక్టరీ పనులు ఊపందుకున్నాక ఒక కాంట్రాక్టు కంపెనీ సైటు ఆఫీసులో చేరారు. రోజంతా స్టూలు మీద వంగి గీతలు గీసే ఉద్యోగం. అలా వంగి వంగి విసిగిన మనిషి సెలవు దొరికితే ఏం చెయ్యాలి? ఇంట్లో వెల్లకిలా పడుకోవాలి. ఈయన మాత్రం ఏడాదికోసారి, చలికాలంలో, ఇద్దరు స్నేహితులతో కలిసి నాలుగైదు రోజులు సైకిళ్ల మీద ఊళ్లు తిరగడానికి పోయేవారు. ఒక స్నేహితుడు పోర్టులో గుమాస్తా. రెండో ఆయనకు దువ్వాడ స్టేషన్లో ఉద్యోగం. ముగ్గురూ చిన్నప్పుడు ఒకే బళ్లో చదువుకున్నారు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ఒక ఏడు భీమిలి మీదుగా శ్రీకాకుళం, ఒక ఏడు శృంగవరపుకోట దాటి కొండల్లోకి. తిరిగొచ్చాక మా వరండాలో చేరి ఏ ఊళ్లో ఏ హోటల్లో ఏం తిన్నారో వర్ణించేవారు. కుర్చీలో కూర్చోబోయే ముందు ముగ్గురూ దిండు కోసం చుట్టూ చూసుకోవడం నేను గమనించేదాన్ని. ఆ సంగతి మాత్రం ఎవరూ వర్ణించేవారు కాదు.

ఎనభైల మొదట్లో ఒకరోజు ఆఫీసులో డ్రాయింగుల పెట్టె ఎత్తబోయి ఆయన నడుం పట్టేసింది. ఇద్దరు మనుషులు జీపులో తెచ్చి ఇంట్లో దింపారు. నెలన్నర చాప మీదే ఉన్నారు. డాక్టరు ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకు పట్టి చూసి, వెన్నులో ఒక పూస పక్కకు జరిగిందనీ, వంగి సైకిలు తొక్కడం ఇక మానుకోవాలనీ చెప్పాడు. నేను పక్కనే ఉండి విన్నాను. సైకిలు మానుకోమన్నాడని నాకు అర్థమైంది. వంగడం మానుకోమన్నాడని ఆయనకు అర్థమైంది.

లేచి తిరగడం మొదలుపెట్టగానే సలహాలు వచ్చాయి. సలహాలకు మన ఊళ్లో ఎప్పుడూ కరువు లేదు. ఆఫీసులో ఒకాయన స్పాంజి సీటు వేయించమన్నాడు. వేయించారు. నడుం నొప్పి అలాగే ఉంది, వర్షం పడితే స్పాంజి పీల్చుకున్న నీళ్లు మాత్రం రెండు రోజులపాటు ప్యాంటుకు అంటేవి. పోర్టు గుమాస్తా స్ప్రింగుల సీటు తెచ్చి ఇచ్చాడు. అది గతుకు వచ్చినప్పుడల్లా మనిషిని ఎగరేసేది. దువ్వాడ ఆయన, హ్యాండిలు పైకి ఎత్తించుకుంటే వంగే పని ఉండదన్నాడు. దాన్నీ ఎత్తించారు. అప్పుడు మా ఆయన సైకిలు మీద వస్తుంటే రెండు చేతులూ పైకెత్తి పోలీసులకు లొంగిపోతున్నట్టు ఉండేది. ఆ మాట ఆయనతోనే అన్నాను. ఆయన నవ్వలేదు.

అదే ఏడాది పోర్టు గుమాస్తా ఏదో విదేశీ ఓడ మీద నుంచి ఒక పాత పత్రిక పట్టుకొచ్చాడు. అందులో పొట్లాలు కట్టుకోవడానికి పనికొచ్చే నున్నటి కాగితాలున్నాయని నేను సంతోషించాను. మా ఆయన కళ్లు మాత్రం ఒక పేజీ దగ్గర ఆగిపోయాయి. అందులో ఒక తెల్లాయన కుర్చీలో వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి, ఆ భంగిమలోనే సైకిలు తొక్కుతున్నాడు. వెనక రెండు సంచులు. ఎక్కడికో దూరప్రయాణం. మొహంలో చెమట లేదు. ఫొటో తీసేముందు తుడుచుకుని ఉంటాడని నేనన్నాను.

"వంగక్కర్లేదు సూడు," అన్నారు మా ఆయన. "నడుం మొత్తం కుర్సీకి ఆనీసుంది. బరువంతా ఈపు మీద. నొప్పి ఎక్కడినించొస్తాది?"

"తొంగుని తొక్కితే సైకిలెందుకండీ? మంచం మీదే తొంగోండి," అన్నాను. మా వైపు పడుకోవడాన్ని తొంగోవడం అంటాం. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు తొంగుని తొక్కే సైకిలు.

మర్నాడు సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ముందు గది నేలంతా సుద్దగీతలు. నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. ఆ సుద్దముక్కలు నా సంచిలోవే. పత్రికలో చూపించిన మూడు రకాల సైకిళ్లను ఆయన నేల మీద నిజమైన కొలతలతో గీసి, మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. నడుం నొప్పి మనిషి అలా కూర్చోవచ్చునో లేదో డాక్టరు చెప్పలేదు.

"మూడు రకాలున్నాయి. ఏది ఎంచుకోవాలో తెల్డం లేదు. నువ్వు సెప్పు," అన్నారు.

మొదటిది మూడు చక్రాలది. సీటు నేలకు జానెడు ఎత్తులో ఉంది. "దీనిమీద ఎల్తే లారీవోడికి మీరు కనబడరు. కుక్కలికి మాత్రం బాగా కనబడతారు. మొకానికి మొకం."

రెండోది పొట్టిది. పెడళ్లు ముందు చక్రానికి ఇంకా ముందు ఉన్నాయి. "ముందు కాళ్లెల్తే ఎనకాల మనిషొత్తాడేటి? దేన్నయినా గుద్దితే ముందు తగిలేది మీ పాదాలే. పైగా మలుపు తిప్పినప్పుడు మీ మడాలు చక్రానికి తగలవేటి?"

మూడోది పొడుగుది. చిన్న ముందు చక్రం ఎక్కడో దూరంగా, దాని వెనక పెడళ్లు, ఇంకా వెనక సీటు, ఆ కింద పెద్ద చక్రం. "ఇది సైకిలా, నిచ్చినా? మన సందులో మలుపెలగ తిరుగుతాది? బస్సు మీదెయ్యాలన్నా పట్టదు."

నేను వంటింట్లోకి పోతూ వెనక్కి చూశాను. ఆయన నేనన్న మాటల్ని ఒక కాగితం మీద వరసగా రాసుకుంటున్నారు. వెక్కిరింపును ఇలా రాసుకునే మనిషితో ఎవరు మాత్రం ఏం చేస్తారు?

పాతూళ్లో రిక్షాలు కట్టే ఒక సాయిబుగారి దగ్గరకు ఆ కాగితాలు తీసుకెళ్లారు. ఒక ఆదివారం నేనూ వెళ్లాను, ఇంకెవరైనా తెలివైనవాడు ఈ పని వద్దంటాడేమో చూద్దామని. సాయిబుగారు అరవై దాటిన మనిషి. తెల్లగడ్డం, మసి చేతులు. పత్రికలో ఫొటోను చాలాసేపు చూశారు. తర్వాత తలకిందులు చేసి కూడా చూశారు.

"బాబూ, ఈ సాబుకి ఒంట్లో బాగులేదా?" అన్నారు.

"బాగానే ఉన్నాడండి. సుఖంగా ఉంటాదనీసి అలగ తొక్కుతన్నాడు."

"సుఖమా?" సాయిబుగారు నావైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. ఈయన మనవాడేనని నాకు ధైర్యం వచ్చింది. కానీ ఆ తర్వాత పది నిమిషాలకే సాయిబుగారు నేల మీద ఇనప గొట్టాలు పేర్చి కొలతలు చూసుకోవడం మొదలుపెట్టారు. పనివాళ్లకు కొత్త పని చూపిస్తే ఇంతే. మంచి చెడ్డా తర్వాత, ముందు చేతులు ఆగవు.

ఏ రకం చెయ్యాలన్న దగ్గర మాత్రం ఇద్దరికీ కుదరలేదు. సాయిబుగారు పొడుగుది మేలన్నారు. మా ఆయన పొట్టిదే అన్నారు. సందులో తిరగదని నేనన్న మాట ఆయన మనసులో ఉండిపోయింది. మడాలు తగులుతాయని కూడా అన్నాను గానీ, దానిమీద ఆయన ప్రశ్నార్థకం పెట్టుకున్నారు.

నెలలో పొట్టిది తయారైంది. ఆదివారం పూట మా బడి మైదానంలో ఎక్కి చూశారు. తిన్నగా ఇరవై గజాలు బాగానే పోయింది. మలుపు తిప్పగానే ఎడమ మడమ చక్రానికి తగిలింది. సైకిలు ఎడమవైపు, ఆయన కుడివైపు పడ్డారు. నేను మెట్ల మీద కూర్చుని బళ్లో పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటున్నాను. లేచి వెళ్లలేదు. ఆయనే లేచి ప్యాంటు దులుపుకుని, జేబులోంచి ఆ కాగితం తీసి, ప్రశ్నార్థకాన్ని కొట్టేశారు.

రెండోసారి పొడుగుది చేశారు. ముందు చక్రం పిల్లల సైకిలుది. వెనక చక్రం ఆయన పాత సైకిలుది. మామూలు చైను చాలదని రెండున్నర చైన్లు కలిపి ఒకటి చేశారు. హ్యాండిలు ఎక్కడ పెట్టాలన్నది మళ్లీ గొడవ. సీటు కింద పెడితే చేతులు రెండు పక్కలా హాయిగా వేలాడతాయని పత్రికలో ఉందట. మనిషి పడితే ఆ చేతుల మీదే పడతాడని సాయిబుగారు అన్నారు. మా ఆయన సీటు మీద కూర్చుని, కింద లేని హ్యాండిలును పట్టుకున్నట్టు చేసి, తర్వాత ఎదురుగా లేని హ్యాండిలును పట్టుకున్నట్టు చేసి, ఇలా అరగంట గడిపారు. దారినపోయేవాళ్లు ఆగి చూశారు. చివరికి రిక్షా హ్యాండిలులా పొడుగాటిది ఎదురుగానే పెట్టించారు.

సీటు రెగ్జినుతో కుట్టిస్తానన్నారు సాయిబుగారు. నాకు మాట్లాడే ఉద్దేశం లేదు. కానీ విశాఖపట్నం ఉక్కలో రెగ్జిను మీద వీపు ఆనించి రోజంతా తొక్కడమంటే ఎలా ఉంటుందో ఆ ఇద్దరు మగవాళ్లకూ తట్టలేదంటే నాకు ఒళ్లు మండింది.

"ఈపు ఉడికిపోతాది. నవారు అల్లించండి. గాలాడతాది, వదులైతే మళ్లీ బిగించుకోవచ్చు," అన్నాను.

సాయిబుగారు ఆలోచించి, "అమ్మ సెప్పిందే నిజం," అన్నారు. మా ఇంట్లో మంచాలకు నవారు అల్లేది నేనే కాబట్టి చివరికి ఆ పనీ నా మెడకే చుట్టుకుంది. నడుం దగ్గర బిగువుగా, భుజాల దగ్గర కాస్త వదులుగా అల్లాను. మెచ్చుకుంటారని కాదు, మళ్లీ నెలన్నర చాప మీద పడితే చూసుకోవలసింది నేనే కదా.

మెట్ట ఎక్కేటప్పుడు మామూలు సైకిలు మీదయితే లేచి నిలబడి తొక్కవచ్చు. దీనిమీద లేచే వీల్లేదు. ఈ సంగతి పత్రికలో ఆ తెల్లాయన ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు దిగులుపడి, వెనక చక్రానికి పెద్ద పళ్లచక్రం వేయించుకున్నారు. దాంతో మెట్టలెక్కడం తేలికైంది గానీ చదునుదారిలో కాళ్లు గిరగిరా తిరిగినా బండి నింపాదిగా పోయేది. నడిచేవాళ్లు పలకరిస్తే ఆగకుండానే జవాబు చెప్పవచ్చు.

కానీ ఒక మాట చెప్పాలి. నడుం నొప్పెట్టలేదు. మొదటివారం గాజువాక నుంచి సైటు ఆఫీసుకు రోజూ దానిమీదే వెళ్లారు. సాయంత్రం ఇంటికొచ్చి పీట మీద మామూలు మనిషిలా కూర్చుని అన్నం తిన్నారు. 

చలికాలం ప్రయాణానికి ముందు ముగ్గురూ కలిసి ఒక ఆదివారం దువ్వాడ దాకా వెళ్లి రావాలనుకున్నారు. ఆ రోజు బస్సులో నేనూ దువ్వాడ వైపు వెళ్తున్నాను, తోటి టీచరు ఇంట్లో పేరంటానికి. కిటికీలోంచి చూశాను. రోడ్డు పక్క నలుగురైదుగురు మనుషులు నవ్వుతూ పరుగెడుతున్నారు. వాళ్ల మధ్య మా ఆయన నవారు కుర్చీలో వాలి, హ్యాండిలు గుండెలకు దగ్గరగా పట్టుకుని తొక్కుతున్నారు. స్నేహితులిద్దరూ ఎక్కడా లేరు. బస్సు ఇంకో ఫర్లాంగు పోయాక కనిపించారు. ఇద్దరూ తలలు వంచుకుని, వెనక వచ్చే సందడితో తమకేమీ సంబంధం లేనట్టు చకచకా తొక్కుకుపోతున్నారు. ఒక టీ దుకాణం దగ్గర దిగి, అటు తిరిగి నిలబడ్డారు.

వారం తర్వాత పోర్టు గుమాస్తా ఇంటికొచ్చాడు. సీలింగు ఫ్యాను వైపు చూస్తూ మాట్లాడాడు.

"బావా, ఈ పాలి నాకు సెలవు దొరకడం లేదు. ఓడలు ఎక్కువొచ్చీసినాయి."

"మరి ఆ బావ?"

"ఆడికీ దొరకలేదు. రైల్వేలో మనుషులు తక్కువున్నారంట."

"పర్లేదులే," అన్నారు మా ఆయన.

ఇద్దరికీ సెలవు దొరికింది. ఇద్దరూ అదే వారంలో మామూలు సైకిళ్ల మీద అనకాపల్లి వైపు వెళ్లారు. దువ్వాడ ఆయన భార్య బజార్లో కనిపించి, నాకు తెలుసుననుకుని మాట్లాడుతూ బయటపెట్టేసింది. ఆ ఇద్దరి మీదా నాకు పుట్టిన అసహ్యాన్ని ఏ మాటల్లో చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. ఇరవై ఏళ్ల స్నేహం. గతుకు రోడ్లు, మిట్టమధ్యాహ్నపు ఎండలు, ఊరుపేరు లేని హోటళ్ల కూరలు అన్నీ తట్టుకున్న స్నేహం. నలుగురు నవ్వితే తట్టుకోలేకపోయింది. ఆ సైకిలును అందరికంటే ఎక్కువ వెక్కిరించింది నేనే, నిజమే. కానీ నేను ఆయన మొహం మీదే అన్నాను. ఒక ఫర్లాంగు ముందుకు పోయి వీపు తిప్పుకోలేదు. అలా అనుకుని చాలా గర్వపడ్డాను.

ఆయన ఒక్కరే బయలుదేరతానన్నారు. మొదటిరోజు ఆనందపురం మీదుగా విజయనగరం, అక్కడి నుంచి శ్రీకాకుళం వైపు, సముద్రం దాకా. ఆనందపురం దాకా నేను బస్సులో వస్తానన్నాను. దోవలో నడుం పట్టేస్తే ఎవరు చూస్తారు? పులిహోర డబ్బా, మంచినీళ్ల సీసా తీసుకుని ఆనందపురం జంక్షనులో దిగి, కూరగాయల గంపల పక్క నీడలో నిలబడ్డాను. ఆయన నాకంటే మూడు గంటలు ముందే బయలుదేరారు. ఇంకా రాలేదు.

కాసేపటికి విశాఖపట్నం వైపు నుంచి ఒక బస్సు ఆగింది. కండక్టరు దిగి టీ తాగుతూ నవ్వుతున్నాడు.

"ఈ ఎనకాల మెట్టకాడ ఒకాయన్ని సూసినాం. తొంగుని సైకిల్ తొక్కుతన్నాడు."

"తొంగునా?"

"మరే. మంచం లాంటిదేదో కట్టీసుకున్నాడు దానికి. ఇటే వత్తన్నాడు."

చుట్టూ ఉన్నవాళ్లు మాటలు మొదలుపెట్టారు. కాళ్లు పడిపోయి ఉంటాయి పాపం అని ఒకరు. తాగేసి ఉంటాడని ఇంకొకరు. ఏదో మందుల కంపెనీ ప్రచారమని మూడో ఆయన. నా పక్కన వంకాయల గంప ముందు కూర్చున్న ముసలమ్మ అంతా విని, "ఇంటికాడ పెళ్లాం లేదేటి, అలగ ఒగ్గీసింది?" అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే బాగుండదనిపించింది.

ముసలమ్మ తలెత్తి నన్ను చూసింది. "నువ్వు ఇశాపట్నం నించే గదమ్మా వచ్చినావు. ఎవులో తెలుసేటి నీకు?"

"నాకేటి తెలుసు," అన్నాను.

అనేశాను. ఎవరూ గొంతు మీద కత్తి పెట్టలేదు. వంకాయలమ్ముకునే ముసలమ్మ మామూలుగా అడిగింది, నేను మామూలుగా అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే రోత.

పది నిమిషాలకు ఆయన వచ్చారు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది, కానీ నడుం నిటారుగా నవారుకు ఆని ఉంది. జంక్షను మధ్య ఆగి, రెండు కాళ్లూ నేల మీద పెట్టి చుట్టూ చూశారు. గుంపు మూగింది. ఆ గుంపులోంచి ఆయన కళ్లు నన్ను పట్టుకున్నాయి. నేను సీసా చేతిలో పెట్టుకుని, చీర కొంగు సర్దుకుంటూ, కదలకుండా నిలబడ్డాను. ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశారు. తర్వాత బండి నడిపించుకుంటూ మావైపు వచ్చి, నాతో, ఎప్పుడూ ఎరగని మనిషితో మాట్లాడినట్టు, ఎంతో మర్యాదగా అడిగారు.

"అమ్మా, ఇక్కడ మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయండీ?"

నా చేతిలో నీళ్ల సీసా ఉంది. ఆయనకు కనిపిస్తూనే ఉంది. నేను రోడ్డుకు అటువైపు హోటలు ముందున్న పంపును వేలితో చూపించాను. ఆయన తలూపి, బండి నడిపించుకుంటూ అటు వెళ్లిపోయారు.

పోర్టు గుమాస్తా కనీసం ఒక ఫర్లాంగు దూరంలో ఉండి చేశాడు. నేను మూరెడు దూరంలో నిలబడి చేశాను.

పంపు దగ్గర వంగితే నడుం నొప్పెడుతుందని, ఆయన మోకాళ్లు మడిచి, ఒక చేత్తో పంపు కొడుతూ ఇంకో చేత్తో నీళ్లు పట్టుకోవడానికి అవస్థ పడుతున్నారు. అది చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. సీసా, డబ్బా పట్టుకుని రోడ్డు దాటాను. గుంపంతా నావైపు తిరిగింది. హోటలు అరుగు మీద డబ్బా పెట్టి మూత తీశాను.

"సీసాలో నీళ్లున్నాయి గదండీ. రండి, తినండి," అన్నాను, అందరికీ వినబడేలా.

గంప సర్దుకుని వెనకే వచ్చిన ముసలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఇందాకల తెలీదన్నావు గదమ్మా."

"ఇందాకల తెలీదు," అన్నాను.

ముసలమ్మ సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, నవారు మీద అరచేత్తో నొక్కి చూసి, అల్లిక బాగుందని వెళ్లిపోయింది.

ఆయన పులిహోర తింటూ తలెత్తకుండా అన్నారు. "నీకు ఇబ్బందవుతాదేమో అనీసి..."

"మాటాడకుండా తినండి."

"తప్పేటి లేదే. మొకాలు సూస్తే తెలిసిపోతాది నాకు. ఆ దువ్వాడ రోడ్డు మీద అలవాటైపోనాది."

నేను అరుగు మీద ఆయన పక్కనే కూర్చున్నాను. జంక్షనులో ఆగిన ప్రతి బస్సులోంచీ మనుషులు తలలు బయటపెట్టి ముందు సైకిలును, తర్వాత ఆయన్ను, తర్వాత నన్ను చూశారు. వాళ్లలో ఒక్కరికైనా మేం గొప్పగా కనిపించి ఉంటామని నేననుకోను. ఆయన తినడం అయ్యాక నేను నవారు ఒకచోట వదులైతే బిగించాను. ఆయన విజయనగరం రోడ్డు పట్టుకుని వెళ్లిపోయారు. మలుపు తిరిగేదాకా చూశాను. ఆ పొడుగు బండికి మలుపు తిరగడం ఒక పెద్ద కార్యక్రమం కాబట్టి చాలాసేపే చూశాను.

అయిదో రోజు సాయంత్రం తిరిగొచ్చారు. సముద్రం దాకా వెళ్లారట. నడుం నొప్పి లేదు. దిండు అడగలేదు. కానీ అయిదు రోజులు ఆకాశానికి మొహం చూపించి తొక్కిన మనిషి ఎలా ఉంటాడో నేను ముందే ఊహించవలసింది. నుదురు, ముక్కు, మోకాళ్లు, ముంగాళ్లు నల్లగా మాడి తోలు లేస్తోంది. వీపు, పిక్కలు మామూలుగానే ఉన్నాయి. ముందునుంచి చూస్తే ఒక మనిషి, వెనకనుంచి చూస్తే ఇంకొక మనిషి. మజ్జిగ పట్టిస్తుంటే, వచ్చే ఏడు సీటుకు గొడుగు బిగించాలన్నారు.

"దానికి ముందు బ్యాండు మేళం కూడా పెట్టించండి," అన్నాను.

ఆ ఆదివారం స్నేహితులిద్దరూ వచ్చారు. ప్రయాణం ఎలా సాగిందో తెలుసుకోవాలట. మా ఆయన వాళ్లు అనకాపల్లి వెళ్లిన సంగతి ఎత్తలేదు. సముద్రం దగ్గర తిన్న చేపల కూర గురించి, ఒక ఊళ్లో తన సైకిలు ఎక్కి చూస్తానని పట్టుబట్టి తుప్పల్లో పడిన కరణంగారి గురించి చెప్పారు. వాళ్లిద్దరూ తలలూపుతూ విన్నారు. కొంతసేపటికి దువ్వాడ ఆయన, సీటు వెనక్కి ఎంత వాలిస్తే మంచిదని అడిగాడు. ఆయనకు కూడా ఈ మధ్య నడుం పట్టేస్తోందట.

వాళ్లను గుమ్మంలోనే నిలబెట్టి నాలుగు మాటలు అడగాలని వారం నుంచి సిద్ధంగా ఉన్నాను. ఆ నాలుగు మాటలూ బాగా కుదిరాయి కూడా. ఆనందపురం నుంచి వచ్చాక వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. వంటింట్లోకి వెళ్లి టీ పెట్టి తెచ్చి ఇచ్చాను.

పోర్టు గుమాస్తా ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "ఏటి సెల్లెమ్మా, పంచదార మరిసిపోనావా?"

"మరిసిపోలేదు అన్నయ్యా," అన్నాను.